ఆధారం ఉంది, ఆధార్ ఏదీ?

తీవ్రమైన మానసిక వ్యాధులకు శాస్త్రీయ ఆధారాలున్న చికిత్స అందడం లేదని కొందరు వైద్యులు వాపోవడం మన యంత్రాంగం పట్ల తీరని అన్యాయం. ఆధారాల మీద దానికున్న పట్టింపు మరెవరికి ఉంది? ఓపీ చీటీకి ఆధార్ జిరాక్సు, పింఛనుకు సదరం సర్టిఫికెట్, ఆ సర్టిఫికెట్‌కు మళ్లీ ఆధార్. తానెవరో తనకే అనుమానంగా ఉన్న మనిషి చేత కూడా తానెవరో మూడు చోట్ల రుజువు చేయించగల దక్షత దానిది.

క్లోజపిన్ అనే మందు సంగతే చూడండి. రెండు మందులు సరైన మోతాదులో వాడినా లొంగని స్కిజోఫ్రెనియా అనే తీవ్ర మానసిక వ్యాధికి అది పనిచేస్తుందని 1988లోనే తేలింది. తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కనుక మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష చేయించాలి. మన వ్యవస్థ దయార్ద్ర హృదయం బయటపడేది సరిగ్గా ఇక్కడే: రోగిని పద్దెనిమిది సార్లు జిల్లా కేంద్రానికి బస్సెక్కించి, పద్దెనిమిది సార్లు సూది గుచ్చడానికి మనసొప్పక, అసలు ఆ మందే రాయకుండా, పనిచేయని పాత మందుకు పనిచేయని మరో మందును తోడిచ్చి పంపిస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్ మానసిక చికిత్సను హక్కు చేసింది. ఆ సెక్షన్‌కూ ఈ వారాలకూ సంబంధం అంకె వరకే. అదే చట్టం రోగులను గొలుసులతో కట్టేయడాన్ని కూడా నిషేధించింది. గొలుసు విప్పిన మర్నాటి నుంచి మాత్ర ఎవరిస్తారన్నది మాత్రం చిల్లర విషయం. సందేహాలుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, సలహా చెబుతారు. మాత్ర మాత్రం ఫోనులోంచి రాలదు.

మొన్న ఒక ఆసుపత్రిలో మందుల కిటికీ ముందు ఒక పెద్దావిడ కొంగుముడి విప్పి, ఖాళీ అయిన మాత్రల అట్టను లోపలికి అందించారు. కిటికీ పక్కన, అక్టోబరు 10న కట్టిన మానసిక ఆరోగ్య దినోత్సవ ఫ్లెక్సీ ఒక మూల ఊడి వేలాడుతోంది. లోపలి యువకుడు అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, చీటీ వెనక పెన్సిలుతో ‘లేదు’ అని రాసిచ్చాడు.

“మానేస్తే మళ్లీ మొదటికొస్తుందన్నారు బాబూ.”

“వచ్చే నెల కనపడమ్మా.”

ఆవిడ ఖాళీ అట్టను పారేయలేదు, జాగ్రత్తగా మళ్లీ కొంగున ముడివేసుకున్నారు. వచ్చే నెల ఆ కిటికీ ముందు ఆధారం చూపించాలి కదా.