బెంటో డబ్బా కొనే ముందు మీ ఇంటి పప్పు ఎంత పల్చనో చూసుకోండి

ఇండియాకి టికెట్లు బుక్ చేసి వారం కూడా కాలేదు, మా ఆడపడుచు నుంచి మెసేజ్. "వదినా, ఈసారి చాక్లెట్లు వద్దు. బెంటో డబ్బాలు తీసుకురా. చెక్కవి ఉంటాయే, కోలగా, అవి." కింద ఓ ఫొటో, జపాన్ వాళ్ల లంచ్ బాక్సుది. తెల్లటి అన్నం, పైన నల్ల నువ్వులు, పువ్వులా కోసిన క్యారెట్ ముక్క. ముచ్చటగానే ఉంది, కాదనను. కానీ వాళ్లింట్లో రోజూ బాక్సులోకి వెళ్లేది పప్పు, చారు, పెరుగన్నం. డబ్బా కొనేవాళ్లు అందులో ఏం పెడతామో మాత్రం ఆలోచించరెందుకో!

నేనేదో తెలివైనదాన్నని కాదు. టోక్యోలో నిషి-కసాయికి వచ్చిన కొత్తల్లో నేనూ ఆ చెక్క డబ్బాకే పడిపోయాను. మాగెవాప్పా అంటారు దాన్ని. అకితా ప్రాంతంలోని ఓదాతె వీటికి పెట్టింది పేరు. సుగి చెట్టు చెక్కని పల్చగా చీల్చి, వేడినీళ్లలో మెత్తబరిచి, వంచి, అంచుల్ని చెర్రీ బెరడుతో కుడతారు. పూత వేయని చెక్క అన్నంలోని తడిని పీల్చుకుంటుంది, అందుకే చల్లారిన అన్నం కూడా చెమ్మెక్కకుండా ఉంటుంది. పది వేల యెన్లు పోసి కొన్నాను.

మొదటి వారమే అందులో ముద్దపప్పు, ఆవకాయ పెట్టి మా ఆయన చేతికిచ్చాను. దాని మూతకి రబ్బరు లేదు, బిగింపు లేదు, ఊరికే అలా కూర్చుంటుంది. పొద్దున పూట తోజాయ్ లైన్ రైలు ఎక్కినవాళ్లకి మిగతా కథ చెప్పక్కర్లేదు. ఆ తోపులాటలో ఆవకాయ నూనె బ్యాగు దాటి ల్యాప్‌టాప్ కవరు దాకా వెళ్లింది. అన్నంలో తడిని పీల్చే చెక్క పప్పులో పసుపుని మాత్రం వదులుతుందా? ఎంత తోమినా ఆ మరక పోలేదు.

తప్పు డబ్బాది కాదు. బెంటో అంటే చల్లగా తినే తిండి. జపాన్ బియ్యం పొట్టిగింజ, జిగురుగా ఉంటుంది, చల్లారినా ముద్దగా నోటికి బాగుంటుంది. మన సోనా మసూరి అన్నం మధ్యాహ్నానికి బిరుసెక్కుతుంది. వాళ్ల కూరలూ పొడిపొడిగా ఉంటాయి, ఆమ్లెట్ చుట్టలు, వేయించిన చేపముక్క లాంటివి. సందు లేకుండా కూరేస్తారు కాబట్టి డబ్బా కదిలినా లోపల ఏదీ కదలదు. అన్నం మధ్యలో ఉప్పులో ఊరిన ఉమెబోషి పండు ఒకటి, పాడవకుండా. మన ప్రయాణాల పులిహోరలో చింతపండు చేసే పనే అది. అసలు బెంటోలో పెట్టడానికి పులిహోరని మించింది లేదు, వేడి చేసే పనే లేదు.

సైజు సంగతి ఇంకో తమాషా. ఇక్కడ డబ్బా మీద మిల్లీలీటర్లు రాసి ఉంటాయి. 600 మిల్లీలీటర్ల డబ్బాలో సగం అన్నం, మిగతా సగంలో రెండు వంతులు కూరగాయలు, ఒక వంతు చేపో గుడ్డో నిండుగా సర్దితే సుమారు 600 కేలరీలవుతుందని వీళ్ల లెక్క. మా బాబు కిండర్‌గార్టెన్‌కి 280ది కొంటే మా అత్తగారు వీడియో కాల్‌లో చూసి, "ఇదేంటమ్మా, కాకికి పిండం పెట్టడానికా?" అన్నారు. ఆవిడకి తెలియనిదేంటంటే, నాలుగేళ్ల పిల్లాడు తనంతట తను మూత తీసుకుని, మొత్తం తినేసి, ఖాళీ డబ్బా ఇంటికి తేవాలి. పెద్ద డబ్బా ఇస్తే సగం వెనక్కొస్తుంది, పిల్లాడు మొహం చిన్నబుచ్చుకుంటాడు. పెద్దవాళ్లకి మాత్రం 600 చాలదు. మా ఆయనకి 900 అయినా, "పెరుగన్నం ఏదీ?" అంటాడు.

ఇప్పుడు మా ఇంట్లో రెండే నడుస్తున్నాయి. ఒకటి నాలుగు వైపులా క్లిప్పులు, లోపల కుక్కర్ గాస్కెట్ లాంటి రబ్బరు ఉన్న మామూలు ప్లాస్టిక్ డబ్బా. పులిహోర, ఉప్మా, వేపుడు అన్నం, అన్నీ అందులోకే. ఆ రబ్బరు తీసి కడిగే ఓపిక లేకపోతే ఇది కొనకండి. వారంలో దాని సందుల్లో నల్లగా బూజు కడుతుంది. వేడివేడిగా మూత పెట్టినా గోవిందా. ఆవిరి నీరై అన్నం మీదే కారుతుంది, ఎండాకాలంలో పాచిపోతుంది. పొద్దున నేను స్టాండు ఫ్యాన్ ముందు డబ్బా పెట్టి చల్లారుస్తుంటే మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ.

రెండోది జోజిరుషి వాళ్ల స్టీలు లంచ్ జార్. జోజిరుషి అంటే ఏనుగు గుర్తు అని అర్థం, 1918లో ఒసాకాలో మొదలైన కంపెనీ. అన్నానికో గిన్నె, పులుసుకో గిన్నె, వాటి చుట్టూ వేడి తగ్గనివ్వని గొట్టం. మన క్యారేజీకి జపాన్ చుట్టం అనుకోండి. పప్పుచారు మధ్యాహ్నం దాకా వేడిగా ఉంటుంది, చుక్క కారదు. పెరుగన్నం మాత్రం అందులో వద్దు, పులిసి కూర్చుంటుంది. అందంగా ఉండదు, బరువు, ఫొటోలో పచ్చళ్ల జాడీలా కనిపిస్తుంది. కానీ మా ఇంటి తిండి తెలిసిన డబ్బా అదొక్కటే.

చెక్క డబ్బాలో ఇప్పుడు ఎండుమిరపకాయలు పోసుకుంటున్నాను. వాటికి మాత్రం భలే ఉంది.

ఇదంతా మా ఆడపడుచుకి పావుగంట వాయిస్ మెసేజ్ పెట్టాను. నీకు లంచ్ జార్ తెస్తాను, పిల్లకి క్లిప్పుల డబ్బా తెస్తాను అని కూడా చెప్పాను. మొత్తం విని ఒక్క లైను రాసింది: "సరే వదినా, అవి కూడా తీసుకురా. మరి ఆ చెక్కది ఎన్ని యెన్లు?"