కళ్లు మూసుకుని కోలుకోమనే సలహాకు నా జవాబు

మోకాలి శస్త్రచికిత్స జరిగి మంచాన ఉన్న రోజుల్లో ఒకే సందేశాన్ని నాకు తొమ్మిది మంది పంపారు. అందరూ నా మేలు కోరినవాళ్లే, అందులో అనుమానం లేదు. ఆ తరువాత అదే సందేశం తాగుడు మానుకున్న ఒక మిత్రుడికి వచ్చింది. పక్షవాతం నుంచి తేరుకుంటున్న మా పిన్నికీ వచ్చింది. మాటలు కొద్దిగా మారుతుంటాయి గాని సారం ఒకటే:

“రోజూ ఉదయం కళ్లు మూసుకుని, పూర్తిగా కోలుకున్న మిమ్మల్ని మీరు చూసుకోండి. మెదడుకు ఊహకూ నిజానికీ తేడా తెలియదు. మీరు చూసినదాన్నే శరీరం నిజం చేస్తుంది. గొప్ప క్రీడాకారుల రహస్యం ఇదే. అడ్డంకులను, ఓటమిని పొరపాటున కూడా తలుచుకోవద్దు. 21 రోజులు చేయండి. ఫలితం రాలేదంటే మీ ఊహలో బలం చాలలేదని అర్థం.”

చదివితే హాయిగా ఉంటుంది. ఇన్ని చేతులు మారడానికి కారణం అదే. నేను ఊహాశక్తికి వ్యతిరేకిని కాను. కోలుకునే దారిలో అది నాకు నిజంగా సాయపడింది. కానీ ఏది ఊహించుకోవాలో ఈ సందేశం తలకిందులుగా చెబుతోంది. దాని చివరి వాక్యం మాత్రం మనుషులకు హాని చేస్తోంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతాను.

ముందుగా మెదడు సంగతి. ఊహకూ నిజానికీ తేడా తెలియదన్న మాట గాలిలోంచి పుట్టలేదు. 1995లో ఆల్వారో పాస్కువల్ లియోన్ అనే మెదడు శాస్త్రవేత్త బృందం పియానో రానివాళ్లకు ఐదు వేళ్లతో చేసే ఒక అభ్యాసం నేర్పింది. కొందరు రోజుకు రెండు గంటల చొప్పున ఐదు రోజులు వాయించారు. కొందరు అంతసేపూ వేళ్లు కదపకుండా, వాయిస్తున్నట్లు ఊహించుకున్నారు. ఆ వేళ్లను నడిపే మెదడు భాగం రెండు బృందాల్లోనూ ఒకే తీరున విస్తరించింది. సందేశం రాసినవాళ్లు ఇక్కడితో ఆగిపోతారు. ఆ ప్రయోగం మాత్రం ఇక్కడితో ఆగలేదు. ఐదు రోజులు ఊహించుకున్నవాళ్లు ఎంత నైపుణ్యం సాధించారో, నిజంగా వాయించినవాళ్లు అంత నైపుణ్యాన్ని మూడో రోజుకే సాధించారు. ఆపైన ఊహించుకున్నవాళ్లు ఒక్క పూట, రెండు గంటలపాటు, నిజంగా వాయిస్తే ఆ లోటు తీరింది. ఊహ నేలను దున్ని పెట్టింది. విత్తనం మాత్రం చేత్తోనే వేయవలసి వచ్చింది.

కండరాల బలం మీద 2014లో వచ్చిన ఒక పరిశోధన నాకు ఇంకా ఇష్టం. ఆరోగ్యవంతుల మణికట్టుకు నాలుగు వారాలపాటు కట్టు వేసి కదలకుండా చేశారు. ఏమీ చేయకుండా ఉన్నవాళ్ల బలం సుమారు 45 శాతం తగ్గింది. కండరాన్ని గట్టిగా బిగిస్తున్నట్లు వారానికి ఐదు రోజులు ఊహించుకున్నవాళ్లకు తగ్గింది సుమారు 24 శాతమే. పిండికట్టుతో పడుకున్న ప్రతి మనిషికీ చెప్పవలసిన విషయమిది. అయితే బలం వాళ్లకూ తగ్గిందని మరిచిపోకూడదు. తగ్గే వేగానికి పగ్గం పడింది, అంతే. పైగా వాళ్లు ఊహించుకున్నది కట్టు విప్పేసిన చేతిని కాదు, కండరాన్ని బిగించే పనిని.

పక్షవాతం విషయంలో మరింత జాగ్రత్తగా మాట్లాడాలి. 2011లో ప్రచురితమైన, 121 మంది రోగులు పాల్గొన్న ఒక పరీక్షలో ఊహాభ్యాసం వల్ల అదనపు మేలేమీ కనిపించలేదు. 2020లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనా సంస్థ సమీక్ష ఎన్నో పరీక్షలను కలిపి చూసి, మామూలు చికిత్సకు జోడిస్తే చేతి పనితీరు బహుశా మెరుగుపడుతుందని తేల్చింది. జోడిస్తే అన్న ఆ ఒక్క మాటే సందేశంలో లేదు. మా పిన్ని అది చదివాక రెండు రోజులు వ్యాయామం మానేసి కళ్లు మూసుకుని కూర్చుంది. అడిగితే, “మెదడుకు తేడా తెలియదట కదమ్మా” అంది. నాకు కోపం రావడం అక్కడ మొదలైంది.

ఇక అసలు విషయానికి వస్తాను. పూర్తిగా కోలుకున్న మిమ్మల్ని మీరు చూసుకోండి అంటున్నారే, ఆ మాటకు.

నేను రెండు వారాలు అలాగే చేశాను. కళ్లు మూసుకుంటే పరుగెత్తుతున్న నేను కనిపించేదాన్ని. గాలి ముఖానికి తగిలేది. కళ్లు తెరిచేసరికి ఎంతో పని చేసి అలసినట్లు తృప్తిగా ఉండేది. ఆ తృప్తిలో రోజుకు మూడుసార్లు చేయవలసిన మోకాలి వ్యాయామం ఒకసారికి పడిపోయింది. ఇది నా బద్ధకం అనుకునేదాన్ని. తరువాత చదివితే తెలిసింది, పరిశోధకులు దీన్ని ఎప్పుడో గమనించారని.

గాబ్రియేల్ ఓటింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1991లో టామస్ వాడెన్‌తో కలిసి, బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన 25 మంది మహిళలను ఏడాదిపాటు గమనించారు. తగ్గగలమన్న నమ్మకం ఉన్నవాళ్లు ఎక్కువే తగ్గారు. కానీ సన్నబడ్డ తమ రూపాన్ని అందంగా, ఏ ఇబ్బందీ లేకుండా కలగన్నవాళ్లు, అంత అందంగా కలగననివాళ్లకంటే దాదాపు 11 కిలోలు తక్కువ తగ్గారు. నమ్మకం వేరు, పగటికల వేరు. ఈ తేడాను సందేశం పూర్తిగా చెరిపేసింది. 2002లో ఆమే తుంటి కీలు మార్పిడి చేయించుకున్న రోగులను పరిశీలించారు. ముందుగానే తియ్యని ఊహల్లో తేలినవాళ్లు కీలు కదలికలోనూ మెట్లు ఎక్కడంలోనూ వెనకబడ్డారు. 2011లో హెదర్ కాపెస్‌తో కలిసి చేసిన ప్రయోగాల్లో కారణం కొంత దొరికింది: కోరుకున్నదంతా జరిగిపోయినట్లు ఊహించుకున్నప్పుడు రక్తపోటులోని పై అంకె తగ్గింది. అంటే ఒళ్లు పనికి సిద్ధం కావడానికి బదులు, పని అయిపోయినట్లు సేదదీరుతుంది. విశ్రాంతి కావలసినప్పుడు ఇది మంచిదే. నొప్పిని భరిస్తూ మోకాలు వంచవలసిన ఉదయాన మాత్రం కాదు.

మరి ఏమి ఊహించుకోవాలి? లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1999లో విద్యార్థులతో చేసిన ప్రయోగంలో దీనికి చక్కని జవాబుంది. పరీక్షలో మంచి మార్కులు వచ్చిన క్షణాన్ని కొందరు రోజూ ఊహించుకున్నారు. ఎక్కడ కూర్చుని, ఏ పుస్తకం తెరిచి, ఎలా చదువుతారో మరికొందరు ఊహించుకున్నారు. చదవడాన్ని ఊహించుకున్నవాళ్లే ముందుగా మొదలుపెట్టి, ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు.

నాకు ఈ పాఠం పుస్తకంలో దొరకలేదు. మా ఫిజియోథెరపిస్టు ఒకరోజు నా పరుగు కల విని, కాసేపు ఊరుకుని అడిగారు: “అది సరేనండి, రేపు ఉదయం మంచం దిగేటప్పుడు ముందు ఏ కాలు కింద పెడతారు? చేయి దేన్ని పట్టుకుంటుంది?” రెండు వారాలుగా రోజూ కళ్లు మూసుకుంటున్న నా దగ్గర దానికి జవాబు లేదు. ఆ రాత్రి పడుకునే ముందు ఆ నాలుగు కదలికలనే ఊహించుకున్నాను: మంచం అంచుకు జరగడం, మంచి కాలు దించడం, ఊతకర్ర అందుకోవడం, నిలబడేటప్పుడు మోకాలి వెనక వచ్చే లాగుడు. ఆ లాగుడును కూడా ఊహలో ఉండనిచ్చాను. మర్నాడు అది నిజంగా వచ్చినప్పుడు నేను బెదరలేదు.

అడ్డంకులను తలుచుకోవద్దు అన్న సలహా తప్పని నాకు అర్థమైంది అప్పుడే. దీన్ని క్రీడాకారుల పేరు మీద చెప్పడం మరీ అన్యాయం. మైకేల్ ఫెల్ప్స్ ఈత కొట్టే ముందు పోటీ మొత్తాన్ని మనసులో నడిపించుకునేవాడన్నది నిజం. సవ్యంగా సాగే పోటీనే కాదు, అన్నీ చెడిపోయే పోటీని కూడా. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై పోటీలో అతని ఈత కళ్లద్దాల్లోకి నీళ్లు చేరి ఏమీ కనిపించలేదు. చేతి విసుర్లు లెక్కపెట్టుకుంటూ ఈది, 1 నిమిషం 52.03 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి బంగారు పతకం గెలిచాడు. పతకం మెడలో పడే దృశ్యాన్ని మాత్రమే తలుచుకున్న మనిషి ఆ నీటి చీకట్లో ఏమి చేసేవాడో ఆలోచించండి.

వ్యసనం నుంచి బయటపడేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఆలన్ మార్లాట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జీవితమంతా దీని మీదే పనిచేశారు. ఒకసారి తడబడటం వేరు, మళ్లీ మొదటికి జారిపోవడం వేరు అని ఆయన గట్టిగా చెప్పారు. తడబడ్డ మనిషి “ఇక అంతా పోయింది, నా వల్ల కాదు” అనుకోవడమే ఆ తడబాటును పతనంగా మారుస్తుంది. అందుకే ఏ సమయంలో, ఎవరి పక్కన, ఏ మూడ్‌లో ప్రమాదం పొంచి ఉంటుందో ముందే గుర్తించి, అప్పుడు ఏం చేయాలో అభ్యాసం చేయించడం ఆయన పద్ధతి. పీటర్ గోల్‌విట్జర్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి ముందస్తు ఆలోచనకు సరళమైన వాక్య రూపం ఇచ్చారు: ఫలానాది జరిగితే, నేను ఫలానా పని చేస్తాను. నా మిత్రుడి వాక్యం ఇది: “సాయంత్రం గ్లాసు నా ముందు పెడితే, లేచి బయటికి నడిచి అన్నయ్యకు ఫోను చేస్తాను.” లేవడం, తలుపు తెరవడం, ఫోనులో అన్నయ్య గొంతు వినడం, అంతా వాడు ముందే మనసులో నడిపించుకున్నాడు. ఓటమిని తలుచుకోవద్దన్న సందేశం వాడికి ఈ ఒక్క ఆయుధాన్నీ దూరం చేయాలని చూసింది.

ఇంకో మాట కూడా ఉంది. తాగాలన్న తహతహ కూడా చాలావరకు ఊహాచిత్రమే: గ్లాసు చల్లదనం, వాసన, గొంతులో మంట. జాకీ ఆండ్రేడ్, డేవిడ్ కవానా, జాన్ మే అనే పరిశోధకులు ఈ సంగతిని 2005లో సిద్ధాంతంగా రాశారు. మనసులో ఆ చిత్రం ఉండే చోటును మరో స్పష్టమైన చిత్రంతో నింపితే తహతహ పలచబడుతుంది. ఈ పునాది మీద కట్టిన ఊహాశిక్షణను బరువు తగ్గాలనుకునేవాళ్లపై పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలల తరువాత ఊహాశిక్షణ పొందినవాళ్లు సగటున 4.11 కిలోలు తగ్గారు. మాటల ద్వారా ప్రోత్సాహం మాత్రమే పొందినవాళ్లు 0.74 కిలోలు. ఈ శిక్షణలో గమ్యాన్ని ఊహించుకోవడం కూడా ఉంది, దాచను. కానీ అక్కడితో ఆగనివ్వరు. వెంటనే ఈ వారం ఏం చేస్తావు, ఏది అడ్డం వస్తుంది, ఇంతకుముందు దాన్ని ఎలా దాటావు అని అడుగుతారు.

21 రోజుల లెక్కకు ఎక్కువ చోటు ఇవ్వను. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో, మారిన ముఖానికి రోగులు అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతున్నట్లుందని రాశారు. “కనీసం” ఎక్కడో రాలిపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం కొలిచి చూస్తే ఒక అలవాటు స్థిరపడటానికి మామూలుగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. ఇరవై రెండో రోజున ఎవరూ ఓడిపోలేదు.

చివరి వాక్యం మిగిలింది. కోలుకోకపోతే మీ ఊహలో బలం చాలలేదట. ఈ మాటను నేను క్షమించలేను. కళ్లు మూసుకుంటే ఏ బొమ్మా కనిపించనివాళ్లు లోకంలో ఉన్నారు. ఆడమ్ జీమన్ అనే నరాల వైద్యుడు 2015లో ఈ స్థితికి అఫాంటేషియా అని పేరు పెట్టారు. వాళ్లు కోలుకోవడానికి అర్హులు కారా? తీవ్రమైన కుంగుబాటులో ఉన్నవాళ్లకు మంచి రేపటిని స్పష్టంగా ఊహించుకోవడమే కష్టమవుతుందని పరిశోధనలు మళ్లీ మళ్లీ చూపాయి. ఆ జబ్బు లక్షణాల్లో అదొకటి. కాలు విరిగినవాణ్ణి, నడవలేదు కాబట్టి కాలు విరిగిందని నిందించడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. క్యాన్సర్ రోగులకు ఈ మాట చెప్పడం మరీ క్రూరం. జేమ్స్ కోయిన్ బృందం 2007లో తల, మెడ క్యాన్సర్ ఉన్న 1,093 మంది వివరాలు పరిశీలిస్తే, మనసు ఎంత ఉల్లాసంగా ఉందన్నదానికీ ఎంతకాలం బతికారన్నదానికీ సంబంధం కనబడలేదు. ఊహ వాళ్ల భయాన్ని, నొప్పిని కొంత తేలిక చేస్తే అది గొప్ప మేలే. జబ్బు ముదిరితే ఆ తప్పు వాళ్ల ఊహది అనే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

మా పిన్నికి నేను ఈ అంకెలేవీ చెప్పలేదు. పక్కన కూర్చుని, “పిన్నీ, ఆ గిన్నె అందుకోవాలంటే ముందు ఏ వేలు తెరుచుకోవాలి?” అని అడిగాను. ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించింది. తరువాత కళ్లు తెరిచి, బొటనవేలు వైపు చూస్తూ, దాన్ని కదపడం మొదలుపెట్టింది.