గురక పెడితే గండం గడిచినట్టు కాదు

ఒకే సందేశం పది రోజుల్లో నాకు నాలుగు గ్రూపుల నుంచి వచ్చింది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో దాన్ని పంపినవారు రిటైర్డ్ లెక్చరర్ కావడం, కింద పదిహేడు నమస్కారాలు చేరడం చూశాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. మత్తు మాత్రలు, నొప్పి మాత్రలు మోతాదు మించి పడిపోయినవారికి ఇంట్లోనే చేయదగిన ప్రాణరక్షణ అంటూ అందులో ఆరు సూచనలు ఉన్నాయి: ఉప్పునీళ్ళతో కక్కించాలి, నిమ్మరసం పిండిన మజ్జిగ పట్టించాలి, తలపై చన్నీళ్ళు పోయాలి, గురక పెడుతుంటే భయం లేదు కనుక నిద్రపోనివ్వాలి, ముక్కులో కొట్టే విరుగుడు మందు దొరికితే ఆసుపత్రి అవసరం లేదు, 108కు ఫోన్ చేస్తే పోలీసు కేసవుతుంది. తిరుపతిలో పదకొండేళ్ళు క్యాజువాల్టీ నర్సుగా పనిచేసినదాన్ని కాబట్టి సమాధానం రాస్తున్నాను.

మజ్జిగ అన్నంలోకి బాగుంటుంది. చన్నీళ్ళు పోస్తే మనిషి తడుస్తాడు. ఉప్పునీళ్ళతో మాత్రం హాని ఉంది: స్పృహ లేనివారి నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు, ఉప్పు మితిమీరితే ఫిట్స్ రావచ్చు.

నన్ను భయపెట్టింది నాలుగో సూచన. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర, కోడీన్ కలిసిన దగ్గు మందు, హెరాయిన్ అన్నీ నల్లమందు బాపతువే. అవి మెదడు అడుగున ఊపిరిని నడిపే కేంద్రాన్ని జోకొడతాయి. ఒళ్ళు వదిలేసి నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడినప్పుడు, మిగిలిన సందులోంచి గాలి ఈడ్చుకుంటూ పోయే చప్పుడునే ఈ సందేశకర్త హాయైన నిద్ర అనుకున్నారు. చంద్రగిరి వైపు నుంచి ఒక రాత్రి ఆటోలో ఒక కుర్రాడిని తెచ్చారు. చొక్కా నిండా మజ్జిగ, పెదవులు నేరేడు పండు రంగు, కంటిపాపలు ఆవగింజలంత. "ఇంతసేపూ బాగనే గురక పెడతా ఉన్నాడు సిస్టర్, ఇప్పుడే ఆగిపాయ" అంది తల్లి. ఊపిరి లెక్కపెడితే నిమిషానికి నాలుగు. బ్యాగుతో గాలి అందిస్తూ నరంలోకి నలాక్సోన్ (సందేశంలోని ముక్కు విరుగుడు ఇదే మందు) ఇచ్చిన మూడు నిమిషాలకు కళ్ళు తెరిచి, మొట్టమొదట నన్నే తిట్టాడు.

ఐదో సూచనకు జవాబు కూడా ఆ కుర్రాడే. నలాక్సోన్ ప్రభావం అరగంట నుంచి గంటన్నర వరకే ఉంటుంది. లోపలి మత్తు చాలాసార్లు అంతకంటే ఎక్కువసేపు నిలుస్తుంది. గంట తిరగకముందే అతడు మళ్ళీ గురకలోకి జారాడు, మళ్ళీ మందు ఇవ్వవలసి వచ్చింది. అమెరికాలో ఈ ముక్కు మందును 2023 నుంచి చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించారు, అక్కడ కూడా అది వాడగానే అంబులెన్సును పిలవమనే చెబుతారు. తిరుచానూరు రోడ్డులో ఏ షాపులో అది దొరుకుతుందో సందేశం పంపినవారే సెలవివ్వాలి.

ఇంటివారు చేయగలిగింది వేరే ఉంది. గట్టిగా పిలిచి, రొమ్ము ఎముకపై పిడికిలి కణుపులతో రుద్దినా పలకకపోతే 108కు ఫోన్ చేయాలి. ఊపిరి సరిగా ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఆగిపోయినా, ఎప్పుడో ఒకసారి ఎగశ్వాసలా వస్తున్నా తల వెనక్కి వంచి, ముక్కు మూసి, ఐదు సెకన్లకొకసారి నోటితో ఊదాలి. ఆ తర్వాత కూడా కదలిక లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. మింగిన మాత్రల అట్టను వెంట తీసుకువెళ్ళాలి.

ఆరో సూచనలో, ఒప్పుకోక తప్పదు, నిజముంది. ఇలాంటి కేసును ఆసుపత్రి మెడికో లీగల్‌గా నమోదు చేస్తుంది, పోలీసులకు కబురు వెళుతుంది. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరులకు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుందని అర్ధరాత్రి ఆ తల్లికి వివరించే ఓపిక ఎవరికీ లేదు. ఆ తెల్లవారి కానిస్టేబుల్ వచ్చి రెండు పేజీలు రాసుకుని, ఆమెను సంతకం అడిగాడు. ఆమె పెట్టింది. పక్క మంచం మీద కొడుకు ఇడ్లీ తింటున్నాడు.