మహారాజశ్రీ జమ్మిచెట్టు గారికి, నల్లగొండ నుంచి

మహారాజశ్రీ జమ్మిచెట్టు గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప. దసరా దగ్గర పడింది, టెన్షన్ మొదలైంది.

తమరు తెలంగాణ రాష్ట్ర వృక్షం. పాండవుల ఆయుధాలను ఏడాది దాచి, పక్క చెట్టుకు కూడా ఊదని ఘనులు. మా ఇంట్లో ఆ గుణం ఎవరికీ అబ్బలేదు. నా మనసు ఆడపిల్లల మీదికి పోదు, మగవాళ్ల మీదికే పోతుందని అమ్మకు చెప్పాను. అమ్మ ఒట్టు వేయించుకుని మరీ చిన్నమ్మకు చెప్పింది. ఆ ఒట్టుతో సహా ముచ్చట మిర్యాలగూడ దాకా పోయింది. ఇప్పుడు అందరికీ తెలుసు, ఎవరికీ తెలియదు. జమ్మి చేతిలో పెట్టి కాళ్లు మొక్కితే మేనత్త "వచ్చే దసరకు జంటగ రావాలె బిడ్డా" అంటుంది. దీవెనకు ఎదురు చెప్పలేం కదా. జంటగా రావడానికి నేనెప్పుడో రెడీ. విస్తరి వేసేదెవరు?

తమ కొమ్మకు కట్టే చీటీ ఉంది చూశారూ, శ్లోకం కింద ఇంటివాళ్ల పేర్లు రాసేది, అది మా పెద్దనాయన రాస్తాడు. అన్న పేరు, పక్కన వదిన పేరు. బావ పేరు, పక్కన అక్క పేరు. నా పేరు రాసి, పక్కన నాలుగు వేళ్ల జాగా వదిలేస్తాడు. ఏటా అంతే. అందులో పట్టే పేరు నా దగ్గరుంది. మూడక్షరాలే, ఇరుకేం కాదు.

మామ పేపర్ చదివే మనిషి. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ విషయంలో మేం నేరస్థులం కాదని తేల్చిన రోజు ఆయన ఇంటికి పేపర్ రాలేదు కాబోలు. 2023 అక్టోబర్ 17 తీర్పు మాత్రం తప్పకుండా అందింది. మా పెళ్లిళ్లను గుర్తించలేమని కోర్టు అన్న వారానికే దసరా. తలకాయ కూర కలుపుకుంటూ "సూసినవా, కోర్టే ఒద్దన్నది" అన్నాడు. కలిసి బతకొద్దని అనలేదు మామా అంటే బొక్క చీకే చప్పుడే జవాబు. చిన్నమ్మది ఇంకో దారి: డాక్టర్‌కు చూపియ్యాలట. ఇది రోగం కాదని దేశంలోని మానసిక వైద్యుల సంఘమే 2018లో చెప్పింది అంటే, "అయితే ఆ డాక్టర్లను గూడ ఎవరికన్న చూపియ్యాలె" అంది.

వానలు పడకపోతే విరాటపర్వం చదివించే ఆచారం మనది. అర్జునుడు బృహన్నలై, ఉత్తరకు ఆట నేర్పిన కథ వింటే మబ్బులు కరుగుతాయట. అటువంటివాడు ఇంట్లో పుడితే మాత్రం పరువు కరుగుతుంది. (నేను జడ వేసుకోను, గజ్జె కట్టను. అది వేరే ముచ్చట. మామకు రెండూ ఒకటే.)

ఇక అలాయ్ బలాయ్. పొద్దుగూకితే ఊళ్లో మగవాళ్లంతా మగవాళ్లనే గట్టిగా కౌగిలించుకుంటారు. మామ అయితే రెండు పెగ్గులయ్యాక ఒక పట్టాన వదలడు. సంస్కృతి పాడవుతుందన్న మాట ఆ రాత్రి ఎవరి నోటా రాదు.

నా తంటాలు నేను పడుతున్నాను. కూల్‌డ్రింక్స్ తెస్తానని బండెక్కి పానగల్లు పోతాను. ఛాయాసోమేశ్వరుడి గుడి దగ్గర కూర్చుని ఆ మూడక్షరాల మనిషికి ఫోన్ చేస్తాను. లోపల లింగం వెనకాల పడే నీడ పొద్దంతా కదలదు, మా మామ అభిప్రాయం లాగే. తిరిగొచ్చాక బగార గంజు దగ్గర గరిటె పట్టుకుంటాను. గరిటె చేతిలో ఉన్నవాణ్ణి పప్పన్నం ఎప్పుడని ఎవరూ అడగరు, ముక్కలు సరిగా వెయ్యమంటారు.

కాబట్టి మనవి. ఆయుధాల దగ్గరికి ఎవరూ రాకుండా పాండవులు తమ కొమ్మకు శవాన్ని కట్టారు కదా. అటువంటి మూట ఒకటి తమ దగ్గర మిగిలి ఉంటే పండుగ పూట నా భుజానికి ఇప్పించగలరు. లేదంటే కనీసం ఆ గరిటె నా చేతికి వచ్చేలా చూడండి. పోయినసారి బావ గుంజుకున్నాడు.

ఇట్లు,
తమ విధేయుడు