సన్ ఫిల్టర్ గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ సన్ ఫిల్టర్ గారికి,

నల్లగొండ నుంచి నమస్కరించి రాయునది. ఉత్తరం ఉభయకుశలోపరితో మొదలుపెట్టడం ఆచారం. తమరి విషయంలో అది కుదరదు. తమరు డ్యూటీలో ఉన్న రోజు మా కళ్లకు కుశలం లేదు. మా కళ్లు కుశలంగా ఉండాలంటే తమరు డబ్బా దాటి బయటికి రాకూడదు.

చవక టెలిస్కోపు కొన్న చాలా ఇళ్లల్లో తమరు ఉన్నారు. ఊగే స్టాండు, కన్ను ఆనించి చూసే రెండు మూడు ఐపీసులు, చంద్రుడి కోసం ఒక ఆకుపచ్చ అద్దం, వాటి మధ్య రూపాయి బిళ్లంత తమరు. నల్ల గాజు, చుట్టూ మరలున్న రింగు, దాని మీద 'సన్' అని అక్షరాలు. ఒళ్లు చిన్నది, బిరుదు మాత్రం బ్రహ్మాండం. పేరున్న కంపెనీలు తమరిని పెట్టడం ఎప్పుడో మానుకున్నాయి. అయినా అటకల మీది పాత డబ్బాల్లోనూ, సెకండ్ హ్యాండ్ బేరాల్లోనూ తమరి రాజ్యం నడుస్తూనే ఉంది.

తమరి ఆసనం సంగతి కొంచెం మాట్లాడుకుందాం. తమరిని బిగించేది ఐపీసు అడుగున. అంటే ముందున్న పెద్ద కటకం ఎండనంతా పట్టి, గొట్టం పొడుగునా దగ్గరకు చేర్చి, ఒక్కచోట కుప్పపోసిన తర్వాత, సరిగ్గా ఆ కుప్ప పక్కన కూర్చుంటారు తమరు. నాగార్జునసాగర్ గేట్లన్నీ ఎత్తేసి, వచ్చే వరదను మడిగట్టు దగ్గర పార అడ్డం పెట్టి ఆపుతానన్నట్టుంది తమరి ధైర్యం. 70 మిల్లీమీటర్ల కటకం, 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న మామూలు టెలిస్కోపునే తీసుకోండి. అందులో సూర్యబింబం ఆరున్నర మిల్లీమీటర్ల చుక్కగా పడుతుంది. లెక్క కడితే బయటి ఎండకు దాదాపు 120 రెట్లు. మే నెలలో మా ఊరి ఎండ ఒక్క రెట్టుకే గడియారం చౌరస్తా ఖాళీ అవుతుంది. తమరేమో గాజు ఒంటితో 120 రెట్లు మోస్తానంటారు.

మోయలేరు. వేడికి పటుక్కున పగులుతారు. పగిలేముందు చెప్పే మర్యాద కూడా తమరికి లేదు. ఆ క్షణంలో ఐపీసుకు ఆనించి ఉన్న కన్ను రెప్ప వేసేలోపే జరగాల్సింది జరిగిపోతుంది. పైగా కంటి వెనక తెర, అంటే రెటీనాలో, నొప్పి తెలిసే నరాలు లేవు. కాలినా మంట పుట్టదు. కొన్ని గంటలు గడిచాక, చూపు నడిమధ్య మసక మచ్చ కనిపించాకే సంగతి తెలిసేది. "ఏం గాదు సార్, ఒక్క సెకను చూసి తీసేస్తం" అనే పిల్లలకు ఈ ముక్క తమరు ఎందుకు చెప్పరు? ఇంకో సంగతి. కంటికి నల్లగా కనబడే గాజు పరారుణ కిరణాలను కూడా ఆపుతుందన్న నమ్మకం లేదు. నలుపు చూసి మోసపోవడం మాకు కొత్త కాదనుకోండి.

తమరి బంధువర్గం కూడా తక్కువేం కాదు. గ్రహణం వచ్చిందంటే పెదనాన్న ఎక్స్‌రే ఫిల్మ్ అల్మారా దిగుతాడు. తాతగారి విరిగిన తుంటి ఎముక మీదుగా సూర్యుణ్ణి చూడడం మా దగ్గర వంశపారంపర్యం. మసి పట్టిన గాజు, సీడీ, కూలింగ్ గ్లాసులు, అందరూ ఒకే కొమ్మ. పళ్లెంలో పసుపునీళ్లు పోసి, అందులో ప్రతిబింబం చూడమనే అత్తమ్మలకు కూడా ఒక దండం: నీళ్లు కనీసం వందలో రెండు పాళ్ల వెలుగును పైకి తిప్పికొడతాయి. మనకు కావలసింది లక్షలో ఒక పాలు. వెల్డింగ్ షాపు అద్దం వీళ్లలో కాస్త చదువుకున్నవాడు, కానీ షాపులో మామూలుగా వాడే 10, 11 నంబర్లు చాలవు. 14 ఉండాలి, అదీ వట్టి కంటికే. ఐఎస్‌వో 12312-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ముద్ర ఉన్న గ్రహణం కళ్లజోడుకూ ఇదే షరతు. దాన్ని పెట్టుకుని టెలిస్కోపులోకి తొంగిచూస్తే ముద్ర కూడా కాలిపోతుంది.

తమరి కుర్చీ ఎవరికి ఇవ్వాలో కూడా చెబుతాను, కోపగించుకోకండి. కుర్చీ వెనక కాదు, ముందు. సూర్యుడు గొట్టంలో కాలు పెట్టకముందే ఆపాలి. పెద్ద కటకానికి ముందు, నోరంతా మూసేలా కట్టే ఫిల్టరు కావాలి. జర్మనీ వాళ్ల బాడర్ ఫిల్మ్ అనేది ఒకటుంది, చూడ్డానికి మిఠాయి డబ్బా మీది వెండి కాగితంలా ఉంటుంది. డెన్సిటీ 5 అన్నది లక్షలో ఒక పాలే లోపలికి వదులుతుంది. కొనేటప్పుడు ఈ అంకె చూడాలి, ఎందుకంటే 3.8 అని ఇంకోటి అమ్ముతారు. అది కెమెరాలకు, దాదాపు పదహారు రెట్లు ఎక్కువ వెలుగు వదులుతుంది. ఫిల్మ్‌ను డప్పులా బిగించి లాగే మహానుభావులున్నారు. అక్కర్లేదు, కాస్త ముడతలున్నా బింబానికి ఏమీ కాదు. అట్టతో చట్రం చేసి, టేపుతో గొట్టానికి గట్టిగా అంటించాలి. పాలమూరు గాలికి అది ఎగిరిపోతే తమరు పగిలినదానికీ దానికీ తేడా ఉండదు. వాడే ప్రతిసారీ వెలుతురుకు పట్టి సూదిబెజ్జాలు చూసుకోవాలి. ఎండను చాలామటుకు పక్కకు మళ్లించే హెర్షెల్ వెడ్జ్ అనే గాజు పట్టకం, సూర్యుడి కోసమే చేసిన హైడ్రోజన్ ఆల్ఫా టెలిస్కోపులూ ఉన్నాయి, వాటి ధర వింటే సూర్యుడు చల్లగా అనిపిస్తాడు. మొదటిది కటకాల టెలిస్కోపులకే పనికొస్తుందని గుర్తుంటే చాలు.

అసలు సూర్యుణ్ణి చూడాలంటే కన్నే పెట్టాలా? పానగల్లు ఛాయా సోమేశ్వరుడి గుడికి రండి. పగలంతా గర్భగుడిలో కదలని స్తంభం నీడ చూడ్డానికే జనం వస్తారు, ఎవరూ తలెత్తి ఎండకేసి చూడరు. వందల ఏళ్ల కిందటి కందూరు చోడ రాజుల కాలంలోనే మావాళ్లకు నీడతో పని చేయించుకోవడం తెలుసు. గెలీలియో సూర్యుణ్ణి చూసే గుడ్డివాడయ్యాడని తమరి అభిమానులు బెదిరిస్తుంటారు. ఆయన చూపు పోయింది డెబ్బై దాటాక, 1638 ప్రాంతంలో. సూర్యుడి మచ్చలను ఆయన గీసింది శిష్యుడు కాస్తెల్లీ పద్ధతిలో, కాగితం మీద బింబం పడేలా చేసి.

తొందరెందుకంటే, 2027 ఆగస్టు 2న సాయంత్రంపూట మాకు పాక్షిక గ్రహణం ఉంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం పాలమూరు జిల్లా మీదుగా, ఉస్మానియా వాళ్ల జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగా పోతే, శాస్త్రవేత్తలు బయట, ఊళ్లో చాలామంది తలుపులేసుకుని లోపల. ఇప్పుడు తలుపులు తెరిచి, టెలిస్కోపు కొని, తమరిని బిగిస్తున్నారు. భయమే నయమనిపిస్తోంది.

కాబట్టి తమరి పదవీ విరమణ పత్రం దీంతో జతచేశాను. సంతకం చేయకపోతే సుత్తితో చేయిస్తాను.

ఇట్లు,
తమరి విధేయుడు కాని,
నల్లగొండ వాస్తవ్యుడు

తా.క. గొట్టం పక్కన గురి చూసుకోవడానికి ఉండే బుల్లి టెలిస్కోపు, అదే ఫైండర్, గురించి తమరి డబ్బాలోని కాగితంలో ఒక్క ముక్క లేదు. దానికీ ఫిల్టరు పెట్టాలి, లేదా ఊడదీసి జేబులో వేసుకోవాలి. సూర్యుడికి గురిపెట్టాలంటే నేల మీద గొట్టం నీడ చూసుకుంటూ తిప్పడమే. నీడ ఎంత పొట్టిదైతే గురి అంత సూటి.