అథాతో పెండింగ్ జిజ్ఞాస

అద్వైతులు మాయను సదసద్విలక్షణం అన్నారు. ఉందనీ అనలేం, లేదనీ అనలేం. అచ్చంగా ఆ లక్షణాలే ఉన్న పదార్థం మన ప్రభుత్వ కార్యాలయాల్లో దండిగా దొరుకుతుంది. దాని పేరు పెండింగ్. పని మంజూరూ కాలేదు, తిరస్కరణా కాలేదు. దరఖాస్తుదారు బతికే ఉన్నాడు, ఫైలూ బతికే ఉంది. ఇద్దరికీ భేటీ కుదరడం లేదు, అంతే.

ముందుగా వ్యాకరణం. ఈ మాట తెలుగులో సాధారణంగా కర్త లేకుండానే వస్తుంది. "పెండింగ్‌లో ఉందండీ." "పెండింగ్ పడిందండీ." వాన పడినట్టు పెండింగ్ కూడా తనంతట తానే పడుతుంది. "నేనే పెండింగ్‌లో పెట్టాను" అని ఉత్తమ పురుషలో పలికిన ఉద్యోగి ఇంతవరకు పరిశోధకుల కంటపడలేదు. మధ్యమ పురుషలో మాత్రం వాడుక ఉంది, పైఅధికారి తనిఖీకి వచ్చినప్పుడు: "ఇన్నెందుకు పెండింగ్ పెట్టావయ్యా?" "పైకి పంపాం" అనేది దీనికి పర్యాయపదమని కొందరు పొరబడతారు. ఆ మాటకు ఫైలు ఈ టేబుల్ మీద లేదని మాత్రమే అర్థం. పై టేబుల్ మీద ఉందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఇక ప్రయోగశాస్త్రం. ఫైలుకు రెండు భాగాలు: కరెంట్ ఫైలు, నోట్‌ఫైలు. మొదటిదాంట్లో మీ దరఖాస్తూ, జతపరిచిన కాగితాలూ ఉంటాయి. రెండోదాంట్లో వాటి గురించి ఆఫీసు ఆలోచనలు ఉంటాయి. గుమాస్తా నోటు రాస్తాడు, సూపరింటెండెంటు చూస్తాడు, ఫైలు సారు దగ్గరికి వెళ్తుంది. సారు ఆసాంతం చదివి మార్జిన్‌లో "డిస్కస్" అని రాసి పొట్టి సంతకం పెడతారు. ఒక్క మాట. ఫైలు ఎక్కిన మెట్లన్నీ దిగి మళ్లీ గుమాస్తా దగ్గరికి వస్తుంది. చర్చకు గుమాస్తా వెళ్లినప్పుడు సారు వీడియో కాన్ఫరెన్సులో ఉంటారు. సారుకు తీరిక దొరికినప్పుడు గుమాస్తా ఎన్నికల డ్యూటీలో ఉంటాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఫైలు మీద చర్య తీసుకున్నారనడానికి సంతకమే సాక్ష్యం. ఈ-ఆఫీసు వచ్చాక అట్టలూ ట్యాగులూ పోయాయి గానీ, "డిస్కస్" పోలేదు. టైపు చేయాల్సి వస్తోంది, పాపం.

దీని తర్వాతి సాధనం కొర్రీ. ఇందులో రెండు రకాలు. నాసిరకం కొర్రీ లోపాలన్నీ ఒకేసారి చెప్పేస్తుంది. దరఖాస్తుదారు వారం తిరక్కుండా అన్నీ సరిచేసుకొచ్చి పెండింగును పాడుచేస్తాడు. మేలురకం కొర్రీ ఒక్కోసారి ఒక్కటే అడుగుతుంది. ముందు జిరాక్సు మీద సంతకం లేదంటుంది. సంతకం పెట్టి తెస్తే, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాస్‌బుక్‌లో పొడి అక్షరమే ఉంది, ఇద్దరూ ఒకరేనా అంటుంది. దానికి అఫిడవిట్ తెచ్చేసరికి ఆదాయ ధ్రువపత్రం పాతబడి ఉంటుంది. ఈ ఇంటిపేరు కొర్రీ మన జాతికి దక్కిన ప్రత్యేక వరం. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనది, చివర అడిగే ఫారం ఇంకెవరిదో. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే ఒకే మనిషి ఇద్దరవుతాడు.

అన్నిటికీ తలమానికం కాల్‌బుక్. మద్రాసు రోజుల నుంచి వస్తున్న టాటెన్‌హామ్ పద్ధతిలో గుమాస్తాకో పర్సనల్ రిజిస్టరు ఉంటుంది. వచ్చిన కాగితమల్లా కరెంటు నంబరుతో, అంటే ఆఫీసు దానికి వేసే వరుస సంఖ్యతో, అందులోకి ఎక్కాలి. తేలనివన్నీ బకాయిల పట్టికలో బయటపడతాయి. అయితే కోర్టు తీర్పు కోసమో, ఇంకెక్కడో జరగాల్సిన నిర్ణయం కోసమో నెలల తరబడి ఆగాల్సిన ఫైలును కాల్‌బుక్కులోకి మార్చవచ్చు. మార్చగానే అది పెండింగ్ లెక్కలోంచి తప్పుకుంటుంది. ఫైలు తేలలేదు. పెండింగూ లేదు. శంకరాచార్యులవారి దృష్టికి ఈ రిజిస్టరు వచ్చినట్టు లేదు.

మౌనం అర్ధాంగీకారం అన్న పెద్దలు మిగతా సగం సంగతి చెప్పలేదు. ఆ లోటును చట్టాలు పూడ్చాయి, ఏ చట్టం దారి దానిది. తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం కింద, 21 రోజుల్లో జవాబివ్వాల్సిన భవన దరఖాస్తుకు ఆలోగా జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో జవాబు రాకపోతే నిరాకరించినట్టే. ఇక్కడ మౌనం పూర్ణాంగీకారం, అక్కడ పూర్ణ తిరస్కారం.

గవర్నర్ల మౌనం ఈ రెంటికీ అందదు. బిల్లు తిప్పిపంపాలంటే "వీలైనంత త్వరగా" పంపమంది రాజ్యాంగం 200వ అధికరణం. వీలు ఎప్పుడో చెప్పలేదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం తన బిల్లుల కోసం సుప్రీంకోర్టు మెట్లెక్కితే, ఆ మాటకు రాజ్యాంగపరంగా బరువుందని కోర్టు గుర్తుచేసింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తులు గడువులు పెట్టి, పది బిల్లులు ఆమోదం పొందినట్టే అన్నారు. అదే ఏడాది నవంబరులో ఐదుగురు కూర్చుని, కోర్టులు గడువు పెట్టడం కుదరదు, "ఆమోదం పొందినట్టే" అనడమూ కుదరదు అన్నారు. కారణం చెప్పకుండా మరీ నానబెడితే మాత్రం ఏదో ఒకటి తేల్చమని చెప్పగలమన్నారు. రాష్ట్రపతి భవన్‌కూ ఈ విద్య కొత్త కాదు. 1986లో పార్లమెంటు పంపిన పోస్టాఫీసు సవరణ బిల్లు మీద జైల్ సింగ్ సంతకమూ పెట్టలేదు, తిప్పీ పంపలేదు. పోస్టాఫీసు బిల్లే బట్వాడా కాలేదు. రాష్ట్ర విభజన చట్టంలోని తొమ్మిది, పది షెడ్యూళ్ల ఆస్తుల పంపకాన్ని ఈ వ్యాసంలో చర్చించడం లేదు. అది పెండింగ్‌లో ఉంది.

చివరగా, దరఖాస్తుదారుకు నిత్యం పనికొచ్చే విధానం. సమాచార హక్కు కింద "నా పని ఏమైంది" అని రాయకండి, "పరిశీలనలో ఉంది" అని జవాబొస్తుంది. "ఎందుకు" అనీ రాయకండి. కారణాలు చెప్పడం మా పని కాదని తిప్పికొడతారు. కరెంటు నంబరు వేసి, ఫైలు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ హోదా ఉద్యోగి దగ్గర ఉందో అడగండి. నోట్‌ఫైలు నకళ్లూ అడగండి. పేజీకి రెండు రూపాయల చొప్పున కట్టమని లేఖ వస్తే ఆ రోజే కట్టేయండి. లేఖ పంపిన రోజు నుంచి మీరు కట్టేదాకా 30 రోజుల లెక్క ఆగిపోతుంది. ఆ లేఖ 29వ రోజున పంపవచ్చని కనిపెట్టినవారికి ఇంకా ఏ పురస్కారమూ రాలేదు.

జవాబు రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. దాన్ని తేల్చడానికి అప్పీలు అధికారికి 30 రోజులు, కారణాలు రాస్తే 45. ఆ తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఈ 90 రోజులూ మీకు. కమిషన్ ఎన్నాళ్లలో తేల్చాలో చట్టం చెప్పలేదు. తెలంగాణలో 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా తేల్చడానికి కమిషనర్లే లేరు. ఆ నియామకాల ఫైలు అన్నాళ్లూ ఎవరి టేబుల్ మీద ఉందో తెలుసుకోవాలంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుకోవాలి. జవాబు రాకపోతే కమిషన్‌కే అప్పీలు చేసుకోవాలి.