లేజరు గీసిన నల్లటి గీత బోరు నీళ్లకు హామీ కాదు

బెంగళూరులో వర్తూరు చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొద్ది వారాలుగా ఒక సందేశం తిరుగుతోంది. చవక లేజరు యంత్రంతో కొబ్బరి చిప్ప మీదో ప్లాస్టిక్ పట్టీ మీదో నల్లటి గీత గీస్తే అది నోబెల్ బహుమతి తెచ్చిన గ్రాఫీనే అవుతుందని, దాన్ని నీళ్లలో ముంచితే ఏ విషమున్నా చెప్పేస్తుందని, ఆ నీళ్లను శుద్ధి కూడా చేస్తుందని, తయారీలో కాలుష్యమే ఉండదని దాని సారాంశం. నేను ఇలాంటి పట్టీలతోనే రోజూ పనిచేస్తాను. మా లేఅవుట్‌లో పసిపాప ఉన్న ఒక కుటుంబం ఈ సందేశాన్ని నమ్మి ఆర్వో తీసేద్దామనుకుంటోందని తెలిశాక ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

మొదటి మాట, ఇది నోబెల్ గ్రాఫీన్ అన్నది. 2010లో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్‌లకు నోబెల్ వచ్చింది గ్రాఫీన్, అంటే ఒకే ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర మీద చేసిన పరిశోధనకు. లేజరు గ్రాఫీన్ సంగతి వేరు. దాన్ని 2014లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ టూర్ బృందం ప్రకటించింది. సెల్‌ఫోన్ రిపేరు దుకాణాల్లో కనిపించే తేనెరంగు కాప్టాన్ టేపు ఉంటుంది కదా, ఆ పాలీఇమైడ్ మీద కార్బన్ డయాక్సైడ్ లేజరు పడిన చోట వేడి క్షణకాలం 2,500 డిగ్రీలు దాటుతుందని అంచనా. అప్పుడు అందులోని ఆక్సిజన్, నైట్రోజన్ చాలావరకు వాయువులుగా పోయి, మిగిలిన కార్బన్ నురుగులా పొంగుతుంది. వేలితో రుద్దితే మసి అంటుకునే ఈ గరుకు పదార్థంలో అనేక పొరలూ లోపాలూ రంధ్రాలూ ఉంటాయి. విద్యుత్తును ఒంటిపొర గ్రాఫీన్ అంత బాగా ప్రసరింపజేయదు. అయితే సెన్సరుకు కావలసింది ఆ గరుకుతనమే. గ్రాముకు సుమారు 340 చదరపు మీటర్ల ఉపరితలం దొరకడం చిన్న విషయం కాదు.

కొబ్బరి చిప్ప సంగతి నిజమే. 2018లో అదే బృందం కొబ్బరి చిప్ప, బ్రెడ్డు, బంగాళాదుంప మీద కూడా గ్రాఫీన్ గీసి చూపించింది. కానీ ఒకే చోట లేజరును మళ్లీమళ్లీ నడపవలసి వచ్చింది. కాగితం, గుడ్డ లాంటివాటికైతే మంట అంటుకోకుండా ముందుగా రసాయనం పట్టించాలి. లేకపోతే మిగిలేది బూడిదే.

అసలు ప్రమాదం మూడో మాటలో ఉంది, ‘ముంచితే ఏ విషమున్నా చెప్పేస్తుంది’ అన్న దాంట్లో. లేజరు మనకిచ్చేది ఎలక్ట్రోడు మాత్రమే. అది విద్యుత్ సంకేతాన్ని అందుకుంటుంది గాని, ఆ సంకేతం దేనిదో దానంతట అది గుర్తుపట్టలేదు. నైట్రేటును పట్టుకోవాలంటే నైట్రేటుకు మాత్రమే స్పందించే పలుచని పొరను దాని మీద పూయాలి. సీసం కావాలంటే సాధారణంగా బిస్మత్ లాంటి లోహపు పూత సాయంతో సీసాన్ని ఎలక్ట్రోడు మీదికి చేర్చి, తిరిగి కరిగిస్తూ కరెంటు కొలవాలి. అంటే ఒక్కో పదార్థానికీ ఒక్కో పట్టీ, ఒక్కో పద్ధతి కావాలి, గాఢత తెలిసిన ద్రావణాలతో ముందే సరిచూసుకోవాలి. తాగునీటిలో సీసానికి మన భారతీయ ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, లక్ష లీటర్లలో ఒక్క గ్రాము అన్నమాట. అంత తక్కువ మోతాదును మనం కొలవబోయేది ప్రయోగశాల శుద్ధజలంలో కాదు. బెళ్లందూరు, వర్తూరు చెరువుల నురగ చూసినవాళ్లకు ఆ నీళ్లలో డిటర్జెంట్లు ఎంతగా కలుస్తాయో చెప్పనక్కర్లేదు. అవీ, సేంద్రియ మురికీ కలిసి ఎలక్ట్రోడు రంధ్రాలను మూసేస్తే సంకేతం పడిపోతుంది, ఉన్న విషం లేనట్టు కనిపిస్తుంది.

నా బల్ల మీద జరిగినదే చెబుతాను. ఒకే షీటు మీద ఒకే అమరికతో గీసిన రెండు పట్టీల్లో ఒకదాని విద్యుత్ నిరోధం రెండోదానికి దాదాపు రెట్టింపు వచ్చింది. షీటు ఒక మూల కాస్త పైకి లేవడంతో అక్కడ కిరణం ఫోకస్ తప్పింది, అంతే. కంటికి రెండూ ఒకేలా నల్లగా ఉన్నాయి. మల్టీమీటరు పెట్టకపోతే నాకూ తెలిసేది కాదు.

ఇక నీళ్లను శుద్ధి చేస్తుందన్న మాట. లేజరు గ్రాఫీన్ ఎలక్ట్రోడ్లకు వోల్టేజీ ఇస్తే నీటిలోని బ్యాక్టీరియా చస్తుందని ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయం, రైస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో చూపించారు. అది విలువైన పనే, కానీ క్రిములు చచ్చినంత మాత్రాన నీటిలో కరిగిన ఫ్లోరైడు, నైట్రేటు ఎక్కడికీ పోవు. బోరు నీళ్లలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితిని మించితే ఆ నీళ్లతో కలిపిన డబ్బాపాలు తాగే పసివాళ్లకు అది ప్రాణాంతకం కావచ్చు, పైగా ఆ నీళ్లను కాచినా నైట్రేటు తగ్గదు.

కాలుష్యం లేదన్నది తప్పు. పాలీఇమైడ్ కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడుతో సహా హానికర వాయువులు వస్తాయి; పొగను బయటికి లాగే ఏర్పాటు, ఆ కిరణానికి తగిన కళ్లద్దాలు తప్పనిసరి. పీవీసీ రెక్సిన్‌ను మాత్రం లేజరు కింద పెట్టనే పెట్టకండి, హైడ్రోజన్ క్లోరైడు అనే విషవాయువు వస్తుంది.

ఆ కుటుంబానికి ఆర్వో తీయవద్దని చెప్పాను. వాళ్ల బోరు నీళ్లు రెండు సీసాల్లో పట్టి, ఒకటి గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపించాం. రెండోది మా ఫ్రిజ్‌లో ఉంది. నైట్రేటు పొర పూసిన నా పట్టీతో నేనూ కొలిచి, ప్రయోగశాల అంకె పక్కన నా అంకెను పెట్టి, రెండింటికీ ఎంత తేడా ఉన్నా అదే గ్రూపులో రాస్తాను.